మణుగు మీద రెండున్నర వీశెలు

భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, ముప్ఫైమూడేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాడు సముద్రగర్భంలో ఈదేవారి సామగ్రిని గురించి వ్రాయబూనడమేమిటని మిత్రులు ముక్కున వేలు వేసుకోవచ్చు. వేసుకోండి, అభ్యంతరం లేదు. నేను నీట మునిగింది 2015 గోదావరి పుష్కరాలలోనే. అదీ మూడు మునకలు, ముక్కు మూసుకొని. అయితే మొన్నటి శీతకాలమంతా మా ఇంట్లో త్రాసు నా చేతిలోనే ఉన్నది. తూచినవాడికి చెప్పే హక్కు కొంత ఉంటుందన్న ధైర్యంతో ఈ టపా వ్రాస్తున్నాను.

విషయమిది. మా అమ్మాయి స్కూబా డైవింగు చేస్తుంది. విశాఖపట్నంలో ఋషికొండ దగ్గర నేర్చుకొని, 18 మీటర్ల లోతు వరకు దిగడానికి యోగ్యతాపత్రం సంపాదించుకొంది. మొదటి రెండేళ్ళ ఉత్సాహంలో జీతంలోంచి మిగిల్చి సామాను కూడా సొంతంగా కొనుక్కొంది. 2022లో నడుము దగ్గర నాలుగో పూసకూ అయిదో పూసకూ మధ్యనున్న బిళ్ళ జారి శస్త్రచికిత్స అయింది. ఏడాది పైగా సముద్రం మాట ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. సామాను అటక మీదికి పోయింది. తరువాత ఒకనాడు వైద్యులు, కాలిలో తిమ్మిరి గాని బలహీనత గాని మిగలలేదని చూసుకొని, నీటిలోకి దిగవచ్చునన్నారు. దిగడానికి అడ్డు చెప్పలేదు, మోయడానికి మాత్రం చెప్పారు. అయిదు కిలోలకు మించి ఎత్తకూడదు, సిలిండరు వీపున వేసుకొని నిలబడకూడదు, నడవకూడదు.

ఆ మాట విన్నాక మా అమ్మాయి ముఖం వెలగడమూ, మా ఆవిడ ముఖం ముడుచుకోవడమూ ఒక్క క్షణంలోనే జరిగాయి. నేను మధ్యలో కూర్చొని ఉన్నాను. అండమాను వెళ్దామంది అమ్మాయి. మోసేవాణ్ణి నేనొస్తానన్నాను. అరవై ఆరేళ్ళవాడి భుజం కూడా కొలతకు లోబడ్డదే గనుక, కిలోల లెక్క ఆనాటి నుంచి ఇంట్లో ప్రవేశించింది.

మన దేశంలో సామాన్య తరగతి విమాన ప్రయాణీకుడికి సాధారణంగా అనుమతించేది 15 కిలోల పెట్టె, 7 కిలోల చేతిసంచి. మా నాన్నగారి లెక్కలో చెప్పాలంటే వీశె అంటే కిలోన్నరకు కాస్త తక్కువ. ఎనిమిది వీశెలు ఒక మణుగు. పెట్టె బరువు మణుగు మీద రెండున్నర వీశెలన్నమాట. అటక మీది సామాను దింపి స్ప్రింగు త్రాసుకు వ్రేలాడదీస్తే పాత లెక్క ఇలా తేలింది: జాకెట్టు 4.1 కిలోలు, ఊపిరి తీసుకొనే రెగ్యులేటరు గొట్టాలతో సహా 3, ఈతరెక్కలు 2.8, వాటిలోపల తొడిగే బూట్లు 1.1, నియోప్రీను దుస్తు 1.6, ముఖాన పెట్టుకొనే మాస్కూ తక్కిన చిల్లరా కలిపి ఒక కిలో. మొత్తం 13 కిలోల 600 గ్రాములు. ఇంకా సంచి బరువు లేదు, ఒక్క చీర లేదు, మా ఆవిడ ముందుజాగ్రత్తగా కట్టి ఉంచిన కందిపొడి లేదు.

పేర్ల దగ్గర చిన్న పక్కదారి పట్టడానికి అనుమతించండి, పాత అలవాటు. ఆ జాకెట్టును వాళ్ళు బీసీడీ అంటారు. గాలి నింపితే ఉబ్బి మనిషిని తేలుస్తుంది, వదిలితే మునగనిస్తుంది. నేను ‘ప్లవననియంత్రకము’ అని నామకరణం చేశాను. అమ్మాయి పడీపడీ నవ్వి, “నాన్నగారూ, ఆ పేరు పలికేలోపల సిలిండర్లో గాలి అయిపోతుంది” అన్నది. చివరకు ఇద్దరమూ ‘తేలుడుచొక్కా’ దగ్గర రాజీపడ్డాము. ఇంతకంటె మంచి మాట మిత్రులకు తోస్తే వ్యాఖ్యలో వ్రాయండి.

సామాను బరువు తగ్గించడమంటే తేలికైన వస్తువులు కొనడమేనని అంగళ్ళవాళ్ళు చెపుతారు. తూస్తూ పోగా నాకు తెలిసింది వేరు. ఈ విద్యలో ఒక్కొక్క వస్తువుకూ మూడు బరువులు. భుజాన మోసేటప్పటి బరువు ఒకటి, నీటిలో ఉన్నప్పటిది మరొకటి, తిరుగుప్రయాణంలో తడిసినప్పటిది ఇంకొకటి. మొదటిదొక్కటే చూసి కొన్నవాడికి తక్కినవి రెండూ అక్కడ ఎదురవుతాయి.

సిలిండరునే తీసుకోండి. అండమానులోనూ తక్కిన వేడి సముద్రాలలోనూ ఎక్కువగా వాడేది అల్యూమినియపు సిలిండరు, 11 లీటర్ల పరిమాణం గలది. ఉత్తదే 14 కిలోల పైచిలుకు ఉంటుంది. దానిలోకి 200 బార్ల ఒత్తిడితో గాలి కూరుతారు. గాలి బరువెంత ఉంటుందని ఎప్పుడైనా ఆలోచించారా? నేను అరవై ఏళ్ళు ఆలోచించలేదు. ఆ సిలిండరులోని గాలి రెండు కిలోల ఏడువందల గ్రాముల దాకా తూగుతుంది. మనిషి దాన్ని పీలుస్తూ బుడగలుగా విడుస్తూ ఉంటే అంత బరువూ సముద్రంలో కలిసిపోతుంది. మొదట కాస్త మునిగే స్వభావంతో ఉన్న సిలిండరు చివరికి వచ్చేసరికి సుమారు రెండు కిలోల మేరకు పైకి లాగడం మొదలుపెడుతుంది. అందుకే నడుముకు సీసపు దిమ్మలు కట్టుకోవాలి. సిలిండరునూ సీసాన్నీ ఎవరూ విమానంలో తీసుకుపోరు, దిగే రేవులోనే అద్దెకు దొరుకుతాయి. మన్నారు సింధుశాఖలో ముత్యాల కోసం మునిగే పూర్వులు కూడా రాయి కట్టిన తాడు పట్టుకొనే అడుగుకు దిగేవారు, దిగాక రాయిని వదిలేవారు. దుర్యోధనుడికి ఏ సామానూ అక్కరలేకపోయింది. జలస్తంభన విద్య ఉన్నది, సీసానికి బదులు గద ఉన్నది.

ఇప్పుడు తేలుడుచొక్కా సంగతి. పాతదానికి వీపునా భుజాలపైనా దళసరి మెత్త ఉన్నది. అంగడిలో తొడిగి చూస్తే పరుపులా హాయిగా ఉంటుంది. కాని ఆ మెత్త నురుగుతో చేసినది, నురుగు తేలుతుంది. దాన్ని ముంచడానికి సుమారొక కిలో సీసం అదనంగా కట్టుకోవాలి. నియోప్రీను దుస్తు కూడా అంతే, లోపలంతా గాలిబుడగలే. మూడు మిల్లీమీటర్ల దుస్తుకు మా అమ్మాయి రెండు కిలోల సీసం కట్టవలసి వచ్చేది. అంటే విమానంలో తేలే వస్తువులను మోసుకుపోయి, అక్కడ వాటిని ముంచడానికి మళ్ళీ బరువు అరువు తెచ్చుకోవడం. ఆ అరువు బరువు మోసేది సరిగ్గా శస్త్రచికిత్స జరిగిన నడుమే.

కాబట్టి ప్రయాణానికని తయారుచేసే పలుచని తేలుడుచొక్కా కొన్నది. 2.3 కిలోలు. మెత్త లేదు, వీపున గట్టిపలక లేదు, చుట్టి పెడితే తలదిండంత అవుతుంది. అయితే మడతపడుతుందన్న ఒక్క కారణానికే ఏదీ కొనకండి. దాని మీద ఎన్ని కిలోలను తేల్చగలదో అచ్చువేసి ఉంటుంది, అది చూడాలి. నిండు సిలిండరుతో ఉపరితలం మీద తల పైకి ఉండేలా నిలబెట్టగలగాలి. వేడినీటి సముద్రంలో పలుచని దుస్తుతో దిగేవారికి పది పన్నెండు కిలోల శక్తి చాలు. చన్నీటిలో దళసరి దుస్తు వేసేవారికి ఈ రకం పనికిరాదు. బట్ట పలుచన గనుక పగడపు దిబ్బల అంచులకు ఒరుసుకోకుండా చూసుకోవాలి. మా అమ్మాయి మరొకటి కూడా చూసింది. సీసాన్ని నడికట్టుకు కాక, సిలిండరు పట్టీకి ఇరువైపులా చిన్న సంచులలో పెట్టుకొనే వీలు. నడుము మీద పడవలసిన బరువు అలా వీపు మీదికి, సిలిండరు మీదికి మళ్ళింది.

అండమానులో నీరు 27 నుంచి 30 డిగ్రీలు ఉంటుంది. నియోప్రీను మానేసి 300 గ్రాముల లైక్రా దుస్తు పెట్టుకొంది. చలివేస్తే అక్కడే అద్దెకు తీసుకోవచ్చునన్నది ఆలోచన. నురుగుమెత్తా నియోప్రీనూ పోవడంతో మునుపు 6 కిలోలు కట్టుకొనేది ఇప్పుడు 3 కిలోల సీసంతో సరిపెట్టుకొంది. పెట్టెలో తగ్గింది మూడు కిలోలు, నీటిలో తగ్గింది మరో మూడు. ఈ రెండో మూడు కిలోల లెక్క అంగడివాడు చెప్పలేదు, కాగితం మీద వేసుకొంటే తెలిసింది.

రెగ్యులేటరు దగ్గర మా ఇద్దరికీ వాదం వచ్చింది. “అక్కడ అద్దెకు దొరికేదాన్ని మూడు కిలోలు మోయడమెందుకమ్మా” అన్నాను. ఆమె దాని భాగాలన్నీ మంచం మీద పరిచి పాఠం చెప్పింది. సిలిండరు తలకు బిగించే మొదటి అంచె 200 బార్ల ఒత్తిడిని ఎనిమిది, పది బార్లకు దించుతుంది. నోటి దగ్గరి రెండో అంచె దానిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమం చేసి, పీల్చినప్పుడు మాత్రమే ఇస్తుంది. 1943లో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివారు రూపొందించిన పరికరంలోని కీలకం ఈ అడిగినప్పుడే ఇవ్వడమే. “దీన్ని ఎప్పుడు విప్పి శుభ్రం చేశారో, ఏ రబ్బరు చుట్ట మార్చారో నాకు తెలుసు నాన్నగారూ. అద్దెదాని చరిత్ర నాకేం తెలుసు? మీరైనా ఊళ్ళో ఎవరి పళ్ళసెట్టో పెట్టుకొని భోంచేస్తారా?” అన్నది. పోలిక ఔచిత్యం గురించి చర్చ అక్కరలేకపోయింది, వాదం అంతటితో ముగిసింది.

మానకుండానే తగ్గించింది. రబ్బరు గొట్టాల బదులు అల్లిక గొట్టాలు వేయించింది. లోతుమాపకమూ దిక్సూచీ కలిసిన పెద్ద డబ్బా తీసివేసి, గాలి ఒత్తిడి చూపే చిన్న గడియారం ఒక్కటే ఉంచింది. లోతూ కాలమూ చేతికి కట్టుకొనే కంప్యూటరే చూపుతుంది. మూడు కిలోలు 2.2 అయింది. టైటానియం రకం ఇంకా తేలికట గాని, ధర వింటే మా ఫించను ఉలిక్కిపడింది. పైగా ఆక్సిజను పాలు బాగా ఎక్కువ ఉన్న గాలితో టైటానియం వాడరాదు, మండే ప్రమాదముంది. ఇంకొక చిన్న సంగతి. సిలిండరుకు బిగించే తీరు రెండు రకాలు, పైనుంచి పట్టుకొనే యోక్, మరచుట్టులా బిగిసే డిన్. డిన్ రకం ఉన్నవారు మార్పిడి ముక్క ఒకటి వెంట పెట్టుకోవాలి. అది లేక వెళితే అంత దూరం మోసిన రెగ్యులేటరు గది బల్ల మీద అలంకారంగా మిగిలిపోతుంది.

ఈతరెక్కలు అద్దెకు తీసుకోవచ్చుననేది చాలామంది చెప్పే మాట. ఆరోగ్యవంతులకు అది నిజమే. కాని బిరుసైన బరువు రెక్కలతో తన్నితే ఆ దెబ్బ తుంటి దాటి నడుముకు చేరుతుంది. అందుచేత పాదం మొత్తం దూరే మెత్తని రకం కొన్నది, 1.4 కిలోలు. బూట్లు అక్కరలేదు. ఒడ్డునుంచి రాళ్ళ మీద నడిచి దిగేవారికి బూట్లు లేనిదే కుదరదు, పడవలోంచి దిగేవారికి చెల్లుతుంది. తన శరీరం ఏది భరించలేదో దాన్నిబట్టి ఆమె జాబితా తయారైంది. వేరొకరికి ఈ జాబితా పనికిరాకపోవచ్చు. హ్రస్వదృష్టి గల మిత్రుడొకరు అడిగితే మొదట మాస్కు కొనుక్కోమని చెప్పింది, అద్దాలలో చత్వారానికీ దూరదృష్టికీ కూడా కటకాలు అమర్చేవి ఉన్నాయి గనుక. ముఖానికి అతికేది ముఖాన్నిబట్టే ఉండాలి, దాని బరువు చూస్తే 200 గ్రాములు.

చిల్లరలో ఒక వస్తువుకు మాత్రం నేను ప్రత్యేకంగా నమస్కరిస్తాను. నారింజరంగు గొట్టంలాంటి సంచి, చుట్టిన తాడు. రెండూ కలిసి 400 గ్రాములు. నీటి అడుగునుంచే దానిలోకి గాలి వదిలితే పైకి లేచి స్తంభంలా నిలబడుతుంది. ప్రవాహం మనిషిని పడవకు దూరంగా లాగుకుపోయినప్పుడు, అలల మధ్య తల కొబ్బరికాయంత కూడా కనబడదు. ఆ స్తంభం కనబడుతుంది. దానికో ఈల కట్టి ఉంటుంది. తూకంలో గ్రాములు తగ్గించుకోవలసి వచ్చి ఆమె రెండో తువ్వాలు తీసింది, పుస్తకం తీసింది, వాళ్ళమ్మ చూడకుండా కందిపొడిలో సగం తీసింది. ఈ సంచి జోలికి నేను పోనివ్వలేదు.

మొత్తం 7 కిలోల 200 గ్రాములకు దిగింది. రెగ్యులేటరూ మాస్కూ కంప్యూటరూ దీపమూ చేతిసంచిలో, 2.7 కిలోలు. పెట్టె పోయినా ఊపిరీ చూపూ దగ్గర ఉండాలని. దీపపు విడి లిథియం బ్యాటరీలు ఎలాగూ చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెలో వేయనివ్వరు. తాళ్ళు కోసే చిన్న కత్తి పెట్టెలోనే ఉండాలి, చేతిసంచిలో ఉంచనివ్వరు. తనిఖీ దగ్గర గొట్టాలన్నీ తెరమీద సర్పాల్లా కనిపించినట్లున్నాయి, విప్పమన్నారు. అమ్మాయి నోటి ముక్క చూపించి వివరించింది. ఆ యువకుడు ఆసక్తిగా విని, సొరచేపలుంటాయా అని మాత్రం అడిగాడు.

2025 ఫిబ్రవరిలో చెన్నై మీదుగా వెళ్ళాము. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురమని పేరు మారింది. హేవ్‌లాక్ 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. ఓడరేవులో మేము తెలుగులో మాట్లాడుకోవడం విని ఒకాయన దగ్గరికొచ్చాడు. ఆ దీవులలో మనవాళ్ళు తక్కువేమీ కాదు. ఈయన తాతల నాడు ఇచ్ఛాపురం వైపునుంచి వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబంవాడు. “మేస్టారూ, ఆ సంచీ ఇలాగిచ్చీండి” అని అందుకొని, చేత్తో ఎగరేసి చూశాడు. “సముద్రం లోపలికెళ్ళే సామానా ఇది? మా వల తడిస్తే దీనికి పదింతలుంటాది” అన్నాడు.

మరునాటి ఉదయం పడవలో నేనూ ఉన్నాను. ముందే చెప్పి ఒప్పించిన ఏర్పాటు ప్రకారం సహాయకులు చొక్కాలో గాలి నింపి, సిలిండరుతో సహా నీటిలోకి దించారు. పడవలో ఇద్దరు పట్టుకొని ఎత్తవలసిన ఆ వస్తువు నీళ్ళమీద బాతులా ఊగుతూ ఉన్నది. అమ్మాయి మాస్కూ రెక్కలూ మాత్రం తొడుక్కొని ఖాళీ వీపుతో దిగింది. నీటిలోనే చేతులు దూర్చి పట్టీలు బిగించుకొంది. వచ్చేటప్పుడు కూడా అంతే. విప్పి వాళ్ళకు అందించి, ఉత్త ఒంటితో నిచ్చెన ఎక్కాలి. నా వైపు చేయి ఊపి, గాలి వదిలి, దిగిపోయింది. తరువాత నలభై రెండు నిమిషాలు బుడగలు చూస్తూ కూర్చున్నాను. బుడగలు వస్తున్నంతసేపూ పరవాలేదని పక్కనున్న కుర్రవాడు చెప్పాడు. మంచి మాటే గాని, అప్పటినుంచీ రెండు బుడగల మధ్య విరామం కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

పైకి వచ్చాక ఏమేమి చూసిందో చెపుతుందనుకొన్నాను. నిచ్చెన ఎక్కి, నా పక్కన కూర్చొని, కాసేపు ఊపిరి తీసుకొని అన్నది: “నాన్నగారూ, మూడేళ్ళయింది. కూర్చున్నా పడుకున్నా ‘ఇక్కడున్నాను’ అంటూనే ఉంటుంది వెన్ను. లోపల మరిచిపోయాను.” చేపల సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పింది.

తిరుగుప్రయాణపు బరువు గురించి చెప్పి ముగిస్తాను. డైవింగు చేసినవాళ్ళు వెంటనే విమానం ఎక్కరాదు. లోతులో ఒత్తిడికి శరీరంలో కరిగిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి. విమానంలో ఒత్తిడి ఆరేడువేల అడుగుల కొండ మీద ఉన్నట్లుంటుంది గనుక, తొందరపడితే అది బుడగలు కట్టే ప్రమాదం. వరుసగా కొన్ని రోజులు దిగినవారు కనీసం 18 గంటలు ఆగాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వారి సూచన. మేము పూర్తి రోజు ఉంచుకొన్నాము. ఆ ఖాళీ రోజు శరీరానికే కాదు, సామానుకూ కావాలి. మంచినీటిలో కడగాలి. రెగ్యులేటరు మొదటి అంచెకు మూత బిగించి ఉన్నదో లేదో చూసుకొన్న తరువాతనే ముంచాలి, లోపలికి చుక్క పోకూడదు. చొక్కా లోపలి తిత్తిలోకి నోటిగొట్టం ద్వారా సముద్రం కొంత చేరుతుంది. తలక్రిందులుగా పట్టుకొంటే గ్లాసుడు నీళ్ళు కారాయి. ఆ తరువాత ఎండలో కాదు, నీడలో గాలికి ఆరవేయాలి. నేను గది వరండాలో తాడు కట్టి, ఆరిందా లేదా అని ఒక్కొక్కటీ త్రాసుకు తగిలించి చూశాను. సాయంత్రానికి చొక్కా 2.4 దగ్గర ఆగింది. వెళ్ళేటప్పటికన్న వంద గ్రాములు ఎక్కువ. ఉప్పో తేమో తేల్చుకోలేకపోయాను. నియోప్రీను తెచ్చి ఉంటే అది ఆ రోజుకు ఆరేది కాదు, తడి దుస్తుతో పెట్టె 15 దాటేది.

వచ్చే నవంబరులో మురుడేశ్వరం వెళ్ళి అక్కడినుంచి నేత్రాణి దీవి దగ్గర దిగుతానంటోంది. రైలులో అయితే తూకం గొడవ ఇంత ఉండదు గదా అన్నది మా ఆవిడ, ఈసారి కందిపొడితో బాటు సున్నుండలు కూడా లెక్కలో పెట్టుకొని. తూకం గొడవ ఉండదు, నిజమే. కాని రైల్వే వంతెనలకు మెట్లున్నాయి. త్రాసును అటక ఎక్కించవద్దని చెప్పాను.